అగ్గిపెట్టెలో పట్టినన్ని మాటలు

"క్యూ లిమిట్ పెంచేయండి, సరిపోతుంది" అని మా అమ్మాయి ఇంట్లో కూర్చుని రాయదుర్గంలోని తన సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్లతో ఫోన్లో అంటుంటే నాకు ఒళ్లు మండింది. పెంచితే ఏమవుతుందో నాకు తెలుసు. అది పుట్టకముందే తెలుసు.

డెబ్బైల్లో నేను హైదరాబాదులో కంప్యూటర్లు తయారుచేసే ఒక చోట ప్రోగ్రాములు రాసేదాన్ని. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. కూకట్‌పల్లి అప్పటికింకా పల్లెటూరే. అక్కడ ఒక గది అద్దెకు తీసుకున్నాం. మా ఆయనకు ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు. ఆయన నిద్రలో ఉండగా నేను బస్సెక్కేదాన్ని, నేను నిద్రపోయాక ఆయన వచ్చేవారు. ఆదివారం తప్ప మాటల్లేవు.

అందుకని చీటీలు. గూట్లో ఒక ఖాళీ అగ్గిపెట్టె పెట్టాం. నియమం నాదే, ఆఫీసు నుంచి మోసుకొచ్చింది: ముందు రాసింది ముందు తీయాలి, చెప్పిన పని చేసి కింద జవాబు రాశాకే రెండోది ముట్టుకోవాలి. పెట్టెలో నాలుగు చీటీలే పట్టేవి. నిండిపోతే ఐదో మాట చెప్పడానికి ఆయన్ని లేపక తప్పేది కాదు. చెదిరిన జుట్టుతో, ఒక్క కన్నే తెరిచి, అన్నిటికీ "ఊఁ" కొట్టేవారు.

ఇంటి ఓనరమ్మకు మేమొక వింత. "ఏందమ్మా, ఒక్క ఇంట్ల ఉండుకుంట గీ చీటీలు రాసుకునుడేంది? జర లేపి చెప్పరాదా?"

నాకేమో ఆయన నిద్ర చెడగొడుతున్నానని జాలి. అగ్గిపెట్టె తీసేసి బిస్కెట్ల డబ్బా పెట్టాను. ఇక నిండేదీ లేదు, లేపేదీ లేదు.

ఆ రోజుల్లోనే ఆఫీసులోనూ అదే తెలివి చూపించాను. మా యంత్రంలో ఒక ప్రోగ్రాము కొలిమి వేడి చూసి కబురు పంపుతుంది, ఇంకొకటి అందుకుని టెలిప్రింటర్ మీద కొడుతుంది. మధ్యలో కబుర్లు వరుసలో, అంటే క్యూలో, నిలబడతాయి. వరుసలో ఎన్ని ఉండొచ్చో యంత్రాన్ని నడిపే అసలు ప్రోగ్రాములో, ఇప్పటివాళ్లు కెర్నల్ అంటున్నదానిలో, రాసి ఉండేది. ఎనిమిది. నిండితే పంపే ప్రోగ్రాము ఆగిపోయేది. నేను ఎనిమిదిని అరవై నాలుగు చేసి, ప్రోగ్రామును కొత్త పేపర్ టేపు మీద యంత్రానికి ఎక్కించాను. ఆగడం బాగా తగ్గింది. నాకు కొమ్ములొచ్చాయి.

ఒక సోమవారం డబ్బాలో అన్నిటికన్నా వెనక ఒక చీటీ వేశాను. "నెల తప్పింది. డాక్టరమ్మ కూడా అవునంది." నోటితో చెప్పడానికి సిగ్గేసి రాశాను. మంగళవారం జవాబు: "కిరసనాయిలు తెచ్చాను." బుధవారం: "మంచం నవారు బిగించాను." గురువారం: "మీ అమ్మగారి ఉత్తరం పోస్టు చేశాను." నా చీటీ చదివే ఉంటారని, ఆయనకు బిడ్డ ఇష్టం లేదని అనుకున్నాను. లేపి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

శుక్రవారం మా సీనియర్ ఒకాయన పరీక్షించడానికి వేడి కొలిచే తీగను స్టవ్ మీద పెట్టారు. వెంటనే హెచ్చరిక రావాలి. టెలిప్రింటర్ మాత్రం తాపీగా పాత అంకెలే కొడుతూ కూర్చుంది. ఆయన స్టవ్ ఆర్పేసి, టీ తాగి వచ్చాక కొట్టింది, ప్రమాదం అని.

"మీ వరుస పెద్దదైపోయిందండి. అసలు కబురు ఎక్కడో వెనక నిలబడింది" అన్నారు. "నిండితే ఆగనివ్వండి. ఆగితేనే కదండీ, ఎవరో ఒకరు పట్టించుకునేది?"

నాకు బిస్కెట్ల డబ్బా గుర్తొచ్చింది. సగం రోజు సెలవు రాసిచ్చి ఇంటికి పరుగెత్తాను.

మా ఆయన షిఫ్టుకు క్యారియర్ సర్దుకుంటున్నారు. డబ్బాలో నా చీటీ మడత విప్పకుండానే ఉంది. దాని ముందు ఇంకా రెండు, ఒకటి పాలవాడి గురించి, ఒకటి గొడుగు గురించి. బుద్ధిమంతుడు, రోజుకొక పని చేస్తూ నా నియమం తు.చ. తప్పలేదు.

"ఆ చివరిది తీయండి" అన్నాను.

"దాని వంతు రాలేదుగా?"

"తీయండంటే!"

చదివారు. తల ఎత్తేసరికి కళ్లు నిండి ఉన్నాయి. "సోమవారం నుంచీ ఒక్కదానివే దాచుకున్నావా?" అన్నారు. ఆ రోజు షిఫ్టుకు వెళ్లలేదు.

తర్వాతి సోమవారం ఆఫీసుకు వెళ్లగానే అరవై నాలుగును తిరిగి ఎనిమిది చేశాను. గూట్లోకి అగ్గిపెట్టె వచ్చింది.

మా అమ్మాయి ఫోన్ పెట్టేశాక బీరువాలోంచి ఆ చీటీ తీసి తన చేతిలో పెట్టాను. ఆ శుక్రవారం నేను ఎదురుగా నిలబడి ఉన్నా, అలవాటు కొద్దీ ఆయన దాని కింద పెన్సిలుతో జవాబు రాశారు: "నన్ను లేపు."