నలభైకి ఒకటి

నార్త్ కరోలినాలోని క్యారీకి రాకముందు మేం మాసచూసెట్స్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. పెళ్ళికి ముందు నేను అనకాపల్లి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన వీసా మీద ఆధారపడి వచ్చాను కాబట్టి అప్పట్లో నేను అమెరికాలో ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక వంట అయిపోయేది, ఇల్లు సర్దడం అయిపోయేది, పొద్దు మాత్రం గడిచేది కాదు.

మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఒక తెలుగు కుటుంబం ఉండేది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు. నాలుగో క్లాసు చదివే వాళ్ళమ్మాయి స్కూల్ బస్సు దిగాక, వాళ్ళమ్మ వచ్చేదాకా మా ఇంట్లోనే ఉండేది. వీకెండ్ కోచింగ్‌లో షీట్లకి షీట్లు చేసీ చేసీ ఆ పిల్లకి గుణకారాలు నోట్లోంచి ఊడిపడేవి. ఎందుకు గుణించావే అంటే మాత్రం తెల్లమొహం వేసేది.

చలికాలం చివర్లో ఒక రోజు వచ్చి, "ఆంటీ, మా టీచర్‌కి హెల్ప్ కావాలంట. అమ్మకి ఆఫీస్ ఉంది. నువ్వు వస్తావా? ట్రీస్ నుంచి సిరప్ చేస్తాం. మ్యాథ్ కోసం" అంది.

"సిరప్‌కీ లెక్కలకీ ఏం సంబంధమే?"

"ఐ డోంట్ నో. నువ్వు రా."

వెళ్ళాను. స్కూలు వెనకాల మేపుల్ చెట్లు, వాటి మొదళ్ళ దగ్గర ఇంకా కరగని మంచు. టీచర్‌కి దాదాపు మా అమ్మ వయసుంటుంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకుని, పిల్లలందరికీ తాళ్ళు పంచుతోంది. తగినంత లావు లేని చెట్టుకి రసం కోసం బెజ్జం పెట్టకూడదట. "మరి చెట్టుని కోయకుండా లావెంతో ఎలా చెప్తారు?" అని అడిగింది. పిల్లలు చెట్లని వాటేసుకుని, తాళ్ళతో చుట్టుకొలత తీసి, దాన్ని పై (π) విలువతో భాగించి లావెంతో చెప్పారు. నేను పాఠం చెప్పినన్నాళ్ళూ పై అంటే బోర్డు మీద రాసే గుర్తే. అది చెట్టు చుట్టూ తిరగడం చూడటం అదే మొదలు.

బెజ్జంలో చిన్న గొట్టం బిగించి బకెట్ తగిలించారు. మా పై ఇంటి పిల్ల వేలితో ఒక చుక్క నాకి, "ఇది వాటరే ఆంటీ. షుగర్ ఏది?" అంది.

"ఉందమ్మా. నీళ్ళు పోతే బయటికొస్తుంది."

రాత్రి గడ్డకట్టే చలీ, పగలు కాస్త ఎండా ఉంటేనే రసం దిగుతుంది. పిల్లలు రోజూ చలినీ రసాన్నీ కొలిచి గ్రాఫ్ గీసేవాళ్ళు. నేను ఎవరూ పిలవకపోయినా రోజూ వెళ్ళేదాన్ని. మా దేశంలో నేనూ పిల్లలకి లెక్కలే చెప్పేదాన్నని మాటల్లో టీచర్‌కి చెప్పాను.

కాచే రోజు రానే వచ్చింది. నలభై గ్యాలన్ల రసానికి ఒక గ్యాలన్ సిరప్ వస్తుందని పిల్లలకి ముందే చెప్పారు. వాళ్ళు ఆ ప్రకారం లెక్కేసి, అన్ని సీసాలూ కడిగి బల్ల మీద వరసగా పెట్టుకున్నారు. స్కూలు ఆవరణలో కట్టెల పొయ్యి మీద వెడల్పాటి పళ్ళెంలో రసం మరుగుతుంటే, మా వైపు బెల్లం వండే చోట నిలబడ్డట్టే అనిపించింది. గరిటె ఎత్తి చూసి, "ఇంకా లేతగానే ఉంది" అన్నాను. టీచర్ థర్మామీటర్ చూసి అదే మాట అంది.

తీరా పోసేసరికి మూడో వంతు సీసాలు ఖాళీగా మిగిలాయి. మా పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

"నేను కరెక్ట్‌గానే చేశా. ఆన్సర్ రాంగ్ వచ్చింది."

టీచర్ నా వైపు తిరిగి, "మీరు లెక్కల టీచరేగా, మీరు చెప్పండి" అంది.

ఈ దేశంలో పిల్లల ముందు నిలబడటం అదే మొదటిసారి. నా ఇంగ్లీషు తడబడింది. "మీ లెక్క తప్పు కాదు. మరి తప్పింది ఎక్కడ?" అని అడిగాను. ఎవరో ఒలికిందన్నారు. ఎవరో తాగేశారన్నారు. అందరూ నవ్వారు. అప్పుడు మా పిల్ల నెమ్మదిగా, "నలభై అనేది మన ట్రీస్‌ది కాదేమో" అంది.

"అయితే మన చెట్లది ఎంత?"

వచ్చిన సిరప్‌తో పోసిన రసాన్ని భాగించారు. అరవైకి దగ్గరగా వచ్చింది. ఈ జాతి చెట్లలో తీపి తక్కువని టీచర్ అప్పుడు చెప్పింది. కాచిన రసం కన్నా, తామే కనుక్కున్న ఆ అంకెకి పిల్లలు ఎక్కువ గంతులేశారు.

మర్నాడు టీచర్ నన్ను ఆపి, స్కూల్లో లెక్కలకి అసిస్టెంట్ కావాలనీ, నన్ను చేరమనీ అడిగింది. కార్‌లో మా ఆయనకి చెప్పాను. "నీకు వర్క్ పర్మిట్ లేదుగా" అన్నారు. నాకూ తెలుసు. తెలిసీ చెప్పాను.

టీచర్‌కి కుదరదన్నాను. "మీ ఆయన చేస్తున్నారుగా, మీరెందుకు చేయకూడదు?" అంది. ఆయన వీసా వేరు, నాది ఆయన మీద ఆధారపడిన వీసా, ఆయనకి ఉంది, నాకు లేదు అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. చెప్పినకొద్దీ నా చెవులకే అది, మా ఆయన ఒప్పుకోలేదన్నట్టు వినిపించింది. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, "నాకర్థమైంది" అంది. ఆవిడకి అసలు సంగతి అర్థం కాలేదు. ఆ తర్వాత ఎప్పుడైనా మా ఆయన నన్ను తీసుకెళ్ళడానికి వస్తే ముక్తసరిగా పలకరించేది. నన్ను ఇబ్బంది పెట్టకూడదనుకుందేమో, తర్వాత్తర్వాత దేనికీ పిలవడం మానేసింది.

మరుసటేడు ఆయనకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది, క్యారీకి వచ్చేశాం. నా వర్క్ పర్మిట్ వచ్చేసరికి బాబు కడుపులో ఉన్నాడు. టీచర్ కావాలంటే మళ్ళీ కాలేజీకి వెళ్ళాలి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్స్ చేసెయ్, త్వరగా జాబ్ వస్తుందన్నారు ఫ్రెండ్స్. చేశాను, వచ్చింది. మంచి ఉద్యోగమే.

అసలు సంగతి ఆవిడకి చెబుదామని ఒకసారి ఆ స్కూలుకి ఫోన్ చేశాను. ఆవిడ రిటైరై ఎటో వెళ్ళిపోయిందట. నంబర్ ఇవ్వలేమన్నారు.

ఈ మధ్యే మా ఆయనకి ఇదంతా చెప్పాను. "నేను వద్దన్నాననుకుందా ఆవిడ!" అని ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "అప్పుడు నువ్వంత బాధపడ్డావని నాకు తెలీలేదు" అన్నారు.

"పడ్డానండీ" అన్నాను.