పైకప్పు లేని కారు, పట్టని బ్రేకు

“ఇది మీరు కొన్నారా, మీకెవరైనా అంటగట్టారా?”

ఇన్సూరెన్సు ఆఫీసు గుమస్తా కారు ఫొటోను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పి చూశాక అడిగిన ప్రశ్న ఇది. ఎదుట కూర్చున్న పెద్దమనిషి ఏమాత్రం నొచ్చుకోలేదు. “కొన్నానండీ. అంటగట్టాలంటే అవతలివాడు కాస్తయినా కష్టపడాలి కదా. నేనా అవకాశం ఇవ్వలేదు” అన్నాడు.

ఆయనకున్నది ఒకటే జబ్బు. పూర్తిగా పనిచేసే వస్తువేదీ ఆయన కంటికి ఆనదు. అలాగని పూర్తిగా చచ్చిన వస్తువూ పనికిరాదు. కొన ఊపిరితో ఉండాలి. ‘రిపేరుంది గానీ నడుస్తుంది’ అన్న మాట చెవిన పడితే చాలు, చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్తుంది. ఆ ఇంట్లో గోడ గడియారం నడుస్తుంది, పడుకోబెడితే. రేడియో నడుస్తుంది, పక్కన ఎవరైనా నిలబడి ఉంటే. కుట్టుమిషను చక్కగా నడుస్తుంది, కుట్టదు. వీధిలోవాళ్లు ఆయనకు నడుస్తుందిగారని పేరు పెట్టారు. అది తెలిసి ఆయన సంతోషించాడు. ఇన్నాళ్లకు తమ ఇంట్లో ఒక వస్తువుకు సరైన చీటీ అంటించారన్నాడు.

వింతేమిటంటే ఆయన ఉద్యోగం ప్రూఫ్‌రీడరు. పరాయివాళ్ల తప్పులు వెతికి జీతం పుచ్చుకునే మనిషి. పేజీ అడుగున చీమ తలకాయంత చుక్క జారిపోయినా పట్టేస్తాడు. అవే కళ్లతో వెళ్లి, బంపరును తాడుతో కట్టిన కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, లోపమేమీ కనపడక కొనుక్కొచ్చాడు.

భార్య కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. సూక్తులంటే ఆవిడకు ఒళ్లు మంట. ఒక మనిషి రేపు ఏం చేస్తాడో తెలియాలంటే నిన్నటిదాకా ఏం చేశాడో చూడండని క్లాసులో బోర్డు మీద రాసి మరీ చెబుతుంది. అలాంటిది, ఈ కారు రాబోతోందని తను కనిపెట్టలేకపోయినందుకు తనను తానే తిట్టుకుంది. ఆ వేడిలోనే, “నాలో ఏ రిపేరు చూసి చేసుకున్నారు నన్ను?” అని అడిగింది.

“తిరగేసి చూడు. కొన ఊపిరితో ఉన్నవాణ్ణి ఏరుకున్నది నువ్వు” అన్నాడు నడుస్తుందిగారు.

కారు మాత్రం చూడముచ్చటైనదే. ఆయనకంటే పెద్దది వయసులో. పైకప్పు వెనక్కి మడిచేసే రకం, మడవడానికి కప్పంటూ ఉంటే. గుడ్డ ఎప్పుడో చివికిపోయి ఇనప చువ్వలు మాత్రం పక్కటెముకల్లా మిగిలాయి. ఇంటికి తెస్తుంటే దారిలో వాన అందుకుంది. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఊరంతా ఊరేగి వచ్చి, గుమ్మంలో నిలబడ్డ భార్యతో ఇంత ఉదారమైన బండిని ఎక్కడా చూడలేదన్నాడు. బయట పడ్డదంతా లోపలా పడనిచ్చిందట.

ఇంట్లోనే బాగుచేసుకుంటానని ప్రకటించి దాన్ని ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టాడు. గొడవ అక్కడ మొదలైంది. ఆ షెడ్డు మీద ఆవిడ ఎప్పటి నుంచో కన్నేసి ఉంచింది.

ఆవిడ తండ్రి జీవితమంతా బస్సు నడిపిన మనిషి. చూపు మందగించిందని డాక్టరు చెప్పగానే, ఎవరూ అడగకుండానే లైసెన్సు వెనక్కిచ్చేసి, కూతురింటికొచ్చి మేడ మీది గదిలో చేరాడు. మెట్లు సరిగా కనపడక ఒకసారి దొర్లాడు. అప్పటి నుంచి కిందికి దిగడం మానేశాడు. మాట్లాడటమూ ఇంచుమించు మానేశాడు. షెడ్డు తీసేసి ఆ చోట ఆయనకు కింద ఒక గది కట్టించాలని ఆవిడ పట్టుదల. కారు కదిలితే నాన్నకు గది, లేకపోతే నాన్న మెట్ల పాలు. ఆవిడ దృష్టిలో ఇంతకంటే తేలిక లెక్క లేదు.

కారు అమ్మెయ్యమంది. బాగుచెయ్యకుండా అమ్మితే పాపమన్నాడు. మరి మీకు అమ్మినవాడి సంగతేమిటంటే, వాడు పాపాత్ముడు కాబట్టే తనలాంటి పుణ్యాత్ముడికి బండి దక్కిందన్నాడు. సరే, బాగుచేసే అమ్మమంది. ఆ బాగుచెయ్యడం దగ్గరే చిక్కొచ్చి పడింది. బ్రేకు పట్టదు.

బ్రేకు గొట్టాల్లో నూనెతోపాటు గాలి చేరితే పెడలు దూది మీద కాలేసినట్టు దిగిపోతుంది. ఆ గాలి తియ్యడం ఒక్కరి వల్ల కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కిపట్టాలి, ఇంకొకరు కింద పడుకుని చక్రం వెనకాల ఉన్న చిన్న మరను విప్పి, గాలి పోగానే బిగించాలి. నడుస్తుందిగారు మేడ మీదికి వెళ్లి, “మామయ్యగారూ, కాస్త మీ కుడికాలు కావాలి” అని అడిగాడు. చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపి, తీసుకెళ్లి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు.

ఇక రోజూ పొద్దున్నే అదే వరస.

“తొక్కండి.”

“తొక్కా.”

“పట్టి ఉంచండి.”

“ఉంచా. బిగించావా?”

“బిగించానండీ.”

“నోటితో కాదు, పానా చూపించు.”

పానా పట్టుకున్న చెయ్యొకటి కారు కింద నుంచి పైకి లేచేది.

“ఆ, కనపడదులే. అయినా చూపించాలి.”

రానురాను ముసలాయనకు మళ్లీ నోరు పెగిలింది. నిలబడ్డ కారులోనే మలుపులు తిప్పేవాడు, హారన్ కొట్టేవాడు. గేటు బయట ఎవరైనా సైకిలు బెల్లు కొడితే, పక్కకు తప్పుకోమని లోపల నుంచే చీవాట్లు పెట్టేవాడు. ఒకరోజు పాత ఖాకీ చొక్కా ఎక్కడుందని కూతుర్ని అడిగి, ఇస్త్రీ చేయించుకుని తొడుక్కున్నాడు.

ఆవిడకు మాత్రం కడుపు రగిలిపోయేది. పొద్దున పట్టిన బ్రేకు మర్నాటికి మళ్లీ మెత్తబడేది. కారణం అడిగితే గాలి అనేవాడు. ఇంత గాలి ఎక్కణ్ణుంచి వస్తోందంటే, కొన్నవాడి బుర్రలోంచి దిగుతోందేమో చూడాలన్నాడు.

చివరికి కొనేవాణ్ణి ఆవిడే వెతికింది. ఒక ఫొటో స్టూడియో ఆసామి, కొత్త జంటల్ని కూర్చోబెట్టి ఫొటోలు తియ్యడానికి ఇలాంటి కారే కావాలని తిరుగుతున్నాడు. కప్పు లేకపోయినా ఫర్వాలేదు, జంటలు గోడకు గుద్దుకోకుండా బ్రేకు ఉంటే చాలని, కొంత బయానా కూడా ముందే ఇచ్చాడు. నడుస్తుందిగారు ప్రెస్సుకు వెళ్లిన వేళ చూసి ఆ ఆసామి ఒక మెకానిక్కును పంపించాడు.

మెకానిక్కు కారు కింద దూరి, కాసేపటికి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. “బ్రేకుకు ఏ రోగమూ లేదమ్మా. ఎక్కడా కారడం లేదు. ఎవరో పనిగట్టుకుని మర వదులుచేసి గాలి ఎక్కిస్తున్నారు. విప్పీ బిగించీ దాని అంచులు అరిగి గుండ్రమైపోయాయి చూడండి.” మిగతా బండి మీద ఎక్కడా పానా తగిలిన గుర్తే లేదని కూడా చెప్పాడు.

ఆవిడ అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది. నాన్నను కింద కూర్చోబెట్టాలనుకుంది తను. కూర్చుని ఆయన ఏం చేస్తాడన్నది తన లెక్కలో లేనే లేదు.

నడుస్తుందిగారు ఇంటికి రాగానే నిలదీసింది. ఆయన బుకాయించలేదు, బుర్ర గోక్కున్నాడు.

“పూర్తిగా బాగైతే ఇక దాన్ని రోడ్డెక్కించాలి కదా. రోడ్డెక్కితే ఆ సీట్లో చూపున్నవాడు కూర్చోవాలి. షెడ్డులో ఉన్నంతసేపూ డ్రైవరు ఆయనే.” చెప్పులు విడుస్తూ, “నేను నడిపితే ఎలా ఉంటుందో నీకు తెలుసుగా. మీ నాన్నతో మాత్రం అనకు” అన్నాడు.

మర్నాడు పొద్దున ఆవిడ షెడ్డులోకి వెళ్లింది. ముసలాయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. బేరం కుదిరిందా అని అడిగాడు. గొంతు మామూలుగా ఉంది గానీ చేతులు మాత్రం స్టీరింగును గట్టిగా పట్టుకున్నాయి.

“లేదు నాన్నా. బ్రేకు ఇంకా పట్టడం లేదుగా.”

పట్టు సడలింది. ఆయన ఇటూ అటూ చెవులు రిక్కించి, దగ్గరికి రమ్మని చెయ్యూపాడు.

“బ్రేకు ఎప్పుడో బాగైందే. ఇన్నేళ్లు పెడలు మీద ఉన్న కాలికి ఆమాత్రం తెలీదా? రోజూ అతనే వదులుచేస్తున్నాడు. ఏదో ఒకటి విప్పకపోతే పాపం అతనికి తోచదు. ఇంట్లో ఇంకెవరూ సాయం పట్టరు కదా అని నేనే తొక్కుతున్నా. నాకు తెలుసని అల్లుడితో అనకు, చిన్నబుచ్చుకుంటాడు.”

ఆవిడ ఎవరితోనూ ఏమీ అనలేదు. స్టూడియో ఆసామికి మాత్రం కారు అమ్మడం లేదని కబురు పెట్టింది. ఆ ఇంట్లో కింద ఒక గది మొదటి నుంచీ ఉంది, ఆవిడ పుస్తకాల గది. అన్ని లెక్కలు వేసిన మనిషికి అది లెక్కలోకి ఎందుకు రాలేదో ఆవిడే చెప్పాలి, చెప్పదు. పుస్తకాలు మేడెక్కాయి, మంచం కిందికి దిగింది. మర్నాడు పొద్దున షెడ్డులోంచి ‘తొక్కండి’ అని వినపడితే, ఆవిడ కాఫీ తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చుంది. టిక్కెట్టు తీసుకున్నావా అని అడిగాడు తండ్రి.

కారుకు ఇప్పుడు పైకప్పు కూడా ఉంది. షెడ్డు రేకుల్లోంచి చినుకులు మామగారి మీద పడుతున్నాయని, స్టూడియో ఆసామి ఇచ్చిన బయానా పెట్టి నడుస్తుందిగారు కొత్త గుడ్డ కుట్టించేశాడు. బయానాలో సగం తిరిగిచ్చారు. మిగతా సగం ఇంకా బాకీ ఉంది.