చెరిపేసిన మూడు మాటలు

విశ్వనాథం బోర్డు మీద రాసిన మూడు మాటల్నీ తన చేత్తోనే చెరిపేశాడు. రెయిడ్, సెర్చ్, వారంట్.

"భయపెట్టే మాటలొద్దు. మీరు హెల్పర్ మాత్రమే, పలకరింపులు చెప్పండి చాలు" అంది క్లాసు ఇన్‌చార్జి. తెనాలిలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి, అమెరికాలో, ప్లేనోలో కూతురింటికొచ్చి హెల్పరయ్యాడు.

అపార్ట్‌మెంట్ల హాల్లో ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లంతా చైనావాళ్లే. ఆ మాటలు అడిగింది రూయ్‌లాన్, ఓ హోటల్ వంటింట్లో పనిచేసే ఆవిడ.

"టీచర్, రెయిడ్‌కీ సెర్చ్‌కీ తేడా ఏంటి?"

"రెయిడంటే చెప్పాపెట్టకుండా మీదపడటం. సెర్చంటే సోదా." వారంట్ దగ్గరికొచ్చేసరికే ఇన్‌చార్జి వచ్చిపడింది.

సరే, పలకరింపులే. గడప దగ్గరికొచ్చింది పగవాడైనా "రండి, కూర్చోండి" అనడం ఆయన పెరిగిన పద్ధతి. అదే వల్లె వేయించాడు. ప్లీజ్ కమిన్, ప్లీజ్ సిట్.

"అందరికీ టీ కూడా ఇస్తారా?" రూయ్‌లాన్ నవ్వింది.

"ఇవ్వకపోతే మా ఆవిడ నన్నే బయటికి గెంటుతుంది!"

రెండు వారాలకి ఆమె కుర్చీ ఖాళీ. ఏం జరిగిందో ఆమెతో ఒకే ఇంట్లో ఉండే ఆవిడ చెప్పింది. పొద్దున్నే, వీసా లేనివాళ్లని పట్టుకునే ఇమిగ్రేషన్ పోలీసులు తలుపు బాదారు. వాళ్ల చేతిలో వారంట్, అంటే జడ్జి సంతకమున్న కాగితం, లేదు. లోపలికి రమ్మనకపోతే రాలేకపోయేవాళ్లేనట. రూయ్‌లాన్ తలుపు తీసి, తప్పు లేని ఇంగ్లీషులో, ప్లీజ్ కమిన్ అంది. కూర్చోమంది కూడా. చేతులకి బేడీలేసి తీసుకుపోయారు. ఏ జైల్లో పెట్టారో తెలియదు.

హాల్లో బీరువాలో ఆమె నోట్‌బుక్ దొరికింది. రెయిడ్ పక్కన చైనా అక్షరాలు, సెర్చ్ పక్కన చైనా అక్షరాలు. వారంట్ పక్కన ఏమీ లేదు.

కార్లో కూతురు మీనాతో అన్నాడు, "రమ్మనడం నేర్పింది నేనే కదమ్మా."

"నాన్నా, నీది విజిటర్ వీసా. ఈ ఊసు వాట్సాప్‌లో కూడా ఎత్తకు."

ఆయన ఎత్తలేదు. క్లాసుకీ మళ్లీ వెళ్లలేదు. నెల దాటింది, రూయ్‌లాన్ జాడ లేదు. వస్తుందన్న ఆశా లేదు.

చదివేవాళ్లకి ఒకే మనవి. మీరు అమెరికాలో ఉంటే ఇవాళే, మీ ఇంట్లో పెద్దవాళ్లకీ పక్కింటివాళ్లకీ, వాళ్లకి అర్థమయ్యే భాషలో చెప్పండి. ఎవరు తట్టినా వెంటనే తలుపు తియ్యొద్దు. జడ్జి సంతకమున్న కాగితాన్ని తలుపు కింద నుంచి తొయ్యమనండి. అది లేకపోతే రమ్మనొద్దు. ఆ ఒక్క గడప దగ్గర మాత్రం మర్యాద మానేయమనండి.