చీటీలో కింది వరస

అరడాక్టరమ్మ అనే పేరు ఆవిడకి ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ళకి కొలత బాగా తెలుసు. ముప్పాతిక అంటే పొగిడినట్టవుతుంది, పావు అంటే ఆవిడ ఊరుకోదు. మందుల షాపు కౌంటరు వెనకాల ఇరవై మూడేళ్ళుగా నిలబడ్డ మనిషి. పదో తరగతి పాసై, అట్టపెట్టెలు సర్దడానికి చేరింది. సర్దుతూ సర్దుతూ పేర్లు నేర్చుకుంది. కోడి కెలికినట్టున్న రాత ఏ డాక్టరుదైనా సరే, చీటీ కౌంటరు మీద పడేలోపే చదివేసేది. ఓనరుగారు కూడా అనుమానమొస్తే కళ్ళజోడు పైకి తోసి ఆవిడకేసే చూసేవారు. అలా చూసినప్పుడల్లా ఆవిడ జానెడు పొడుగు పెరిగేది.

ఆవిడకి రెండు అలవాట్లుండేవి. రెండూ గొప్పలే అనుకునేది. ఒకటి, "లేదు" అనే మాట ఆవిడ నోటంట రాదు. అడిగిన మందు లేకపోతే దాని అన్ననో తమ్ముణ్ణో తీసి కౌంటరు మీద పెట్టి, "అదే మందు, కంపెనీ వేరు" అనేది. నూటికి తొంభైసార్లు అది నిజమే. రెండోది, చీటీని మధ్యలో మాత్రమే చదవడం. పైన రోగి పేరు, మధ్యలో మందులు, కింద డాక్టరుగారి మంచిమాటలు. పైదీ కిందదీ మనకెందుకు, మనం అమ్మేది మధ్యలోదే కదా అనేది. వేలిని సరిగ్గా మందుల పేర్ల మీద పెట్టి, అక్కడి నుంచి అలమారకేసి తిరిగేది.

ఇంట్లో ఆవిడ పెద్దకోడలు. కింద వాటాలో ఆవిడా భర్తా, మేడ మీద మరిదీ అతని భార్యా. వంట మాత్రం ఒక్కచోటే. తోటికోడలు బడిలో లెక్కల టీచరు. ఒక్క గీత వంకరపోయినా చెరిపి మళ్ళీ గీసే రకం. ఇంట్లో మాత్రం గట్టిగా మాట్లాడదు. అక్క చెప్పిందంటే సరే. ఎవరికి తలనొప్పి వచ్చినా, దగ్గు వచ్చినా మందు ఆవిడ చేతిలోంచే రావాలి. అది ఆ ఇంటి చట్టం, రాసిందీ ఆవిడే.

ఆ తోటికోడలు పిల్ల నెల తప్పింది. అందరూ సంతోషించారు. మూడు వారాలు గడిచేసరికి వేవిళ్ళు పట్టుకున్నాయి. పొద్దున్న లేస్తే వాంతి, పళ్ళు తోముకుంటే వాంతి, పక్కింటి తాలింపు వాసనకి వాంతి. క్లాసులో బోర్డు మీద లెక్క సగం రాసి బయటికి పరిగెత్తేదట. భర్త డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు చూసి, ఇది మామూలే, విటమిన్ బి-సిక్స్ మాత్ర వేసుకుంటే చాలామందికి వికారం తగ్గుతుందని చెప్పి చీటీ రాసిచ్చింది. చీటీ సాయంత్రానికి పెద్దకోడలి సంచిలోకి చేరింది.

మర్నాడు షాపులో చూస్తే ఆ మాత్ర అయిపోయింది. పక్క వీధిలో ఇంకో షాపుంది. కానీ అరడాక్టరమ్మ తన సొంత తోటికోడలి మందు కోసం ఇంకో షాపు మెట్లెక్కడమా? అలమారలోంచి గర్భిణుల కోసమే చేసిన ఎర్ర మాత్రల అట్ట ఒకటి తీసి సంచిలో వేసుకుంది.

"ఇది పెద్దదిగా ఉందేంటక్కా? డాక్టరుగారు చిన్న మాత్ర అన్నారు," అంది పిల్ల.

"అదే మందు, కంపెనీ వేరు. నిజానికి ఇదే గట్టిది. అందులో ఉండేది ఒక్క బి-సిక్సే. ఇందులో అదీ ఉంది, ఇంకా పదకొండున్నాయి. పొద్దున్నే పరగడుపున వేసుకో, బాగా పడుతుంది."

"చీటీలో కింద ఇంకేదో రాశారక్కా..."

"చీటీ చదవడం నాకు నేర్పుతావా అమ్మాయ్? నువ్వు లెక్కలు చెప్పుకో, మందులు నాకొదిలెయ్."

పిల్ల అట్ట అందుకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు.

వాంతులు తగ్గలేదు సరికదా, రెట్టింపయ్యాయి. "నోరంతా తుప్పు రుచక్కా," అనేది పిల్ల. "వేవిళ్ళలో నోరు అలాగే ఉంటుంది," అనేది ఆవిడ. "మాత్ర వేసుకున్న పావుగంటకే తిప్పేస్తోందక్కా," అనేది. "మందు పనిచేస్తోందన్నమాట," అనేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపిస్తే, అది తోక అనేది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. "మేం కనలేదా? నా రోజుల్లో షాపు వెనక కాలవ దగ్గర కక్కి, నోరు కడుక్కుని, కౌంటరు ముందున్న మనిషి జేబులోంచి చీటీ తీసేలోపు వచ్చి నిలబడేదాన్ని. ఎవరైనా అడిగారా, కూర్చోమన్నారా?" అనేది. అది నిజమే, ఎవరూ అడగలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో గర్వం వినిపించేది. దాని అడుగున ఇంకోటి కూడా ఉండేది గానీ, దానికి ఆవిడ అప్పటికి పేరు పెట్టుకోలేదు.

మరిది సెలవు పెడతానంటే, "గారాబం చెయ్యకురా, నెత్తికెక్కుతుంది," అంది. అతను వదిన మాట జవదాటడు. "వదిన చెప్పింది కదా, కాస్త ఓర్చుకో," అని భార్యతో అనేసి పనికి పోయాడు. ఆవిడ షాపుకొచ్చిన ఆడవాళ్ళ దగ్గర, "మా ఇంట్లో ఒక మహారాణి ఉందిలెండి, మంచినీళ్ళు కూడా అరగవు," అని నవ్వించేది. ఆ వారంలోనే పిల్ల మూడు కిలోలు తగ్గింది. నాలుగు రోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చి సెలైను పెట్టాలని డాక్టరు ఫోనులో చెప్పింది.

పదకొండో రోజు మధ్యాహ్నం షాపుకి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. చేతిలో చీటీ. అదే డాక్టరు, అదే మందు. బి-సిక్స్ సరుకు వచ్చి అయిదు రోజులైంది. పెట్టె విప్పి అలమారలో సర్దింది ఆవిడే. సర్దేటప్పుడు ఇంట్లో పిల్ల గుర్తుకు రాలేదు. గట్టి మందు ఇచ్చాక మళ్ళీ చిన్నది ఎందుకు గుర్తొస్తుంది? అట్ట తీసి కవర్లో వేసి ఇచ్చింది.

అతను కదల్లేదు. "అమ్మా, కింద ఏం రాశారో కాస్త చదివి పెట్టండి. నాకు చదువు రాదు. ఒక్క ముక్క వదలకుండా అడిగి రమ్మంది మా ఆవిడ."

ఇలాంటివి ఆవిడకి విసుగు. అయినా మనిషి మర్యాదగా అడిగాడు కదా అని గట్టిగానే చదివింది. "ఐరన్ కలిసిన మాత్రలు వాంతులు తగ్గేవరకు వద్దు, వేసుకుంటే వికారం పెరగొచ్చు. ఫోలిక్ మాత్ర మానకూడదు. పరగడుపున ఏ మాత్రా..." అక్కడ ఆగిపోయింది.

"పరగడుపున?" అన్నాడు డ్రైవరు.

"వద్దు," అంది. అతను రెండుసార్లు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆవిడ సంచి తెరిచింది. తోటికోడలి చీటీ ఇంకా అందులోనే ఉంది, నాలుగు మడతలుగా. విప్పింది. అవే అక్షరాలు, అదే కింది వరస, దాని కింద డాక్టరు రెండు గీతలు కూడా గీసింది. అలమారలోంచి ఎర్ర మాత్రల అట్ట తీసి తిప్పి చూసింది. పన్నెండింటి జాబితాలో మూడోది ఐరన్. ఆ సంగతి ఆవిడకి తెలియక కాదు. ఆ అట్టని రోజుకి పదిసార్లు అమ్ముతుంది, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. షాపులో ఎవరూ ఆవిడకేసి చూడటం లేదు. అయినా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఖాళీ అట్టపెట్టెలున్న గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడింది.

ఆ గదిలోనే, గర్వం అడుగున ఉన్నదానికి పేరు దొరికింది. నేను పడ్డాను కదా, నువ్వూ పడు. ఆ పిల్ల బాత్రూము గుమ్మంలో కూలబడ్డప్పుడు తనకి జాలి వేసింది, నిజమే. జాలితోపాటు ఎక్కడో ఓ మూల కాస్త చల్లగా కూడా అనిపించింది. ఇరవయ్యేళ్ళ కిందట తనకి దొరకనిది ఇంకొకళ్ళకీ దొరకలేదన్న చల్లదనం. అట్ట మారడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

సాయంత్రం ఇంటికెళ్ళి ఆవిడ చేసిన పని ఇంకా సిగ్గుచేటు. "కొత్త సరుకొచ్చింది. అదే మందు, కంపెనీ వేరు. ఏదైనా తిన్నాకే వేసుకో," అని చిన్న మాత్రల అట్ట ఇచ్చి, పాతదాన్ని తన కొంగులో దాచేసి కిందికి దిగిపోయింది.

నాలుగో రోజుకి పిల్ల రెండు బిస్కెట్లు తిన్నా వాంతి చేసుకోలేదు. ఆరో రోజుకి పళ్ళెంలో అన్నం ఖాళీ చేసింది. వికారం పూర్తిగా పోలేదు గానీ, పరుగులు ఆగాయి. ఆసుపత్రి మాట ఎగిరిపోయింది. "వదినా, నీ హస్తవాసి గొప్పది," అన్నాడు మరిది. భర్త కూడా భోజనం దగ్గర, "మరి ఇరవై మూడేళ్ళ అనుభవం," అన్నాడు. దొంగకి తేలు కుట్టినట్టు ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ రోజుల్లో ఆవిడకి అన్నం సయించలేదు. పొగిడితే పొలమారేది. ఎవరైనా మాత్ర అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

ఇలాగే గడిచిపోయేది కూడా. పదోరోజు సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే ఉత్సాహంగా అంది.

"అక్కా, మా బళ్ళో ఇంకో టీచరుకి కూడా వేవిళ్ళు. డాక్టరు దగ్గరికి ఎందుకు, మా అక్క ఉంది కదా అన్నాను. రేపు నీ షాపుకొస్తుంది."

మింగలేక కక్కలేక అయిపోయింది ఆవిడ పని. చెబితే ఈ ఇంట్లో మళ్ళీ తన చేతి మాత్ర ఎవరూ వేసుకోరు. చెప్పకపోతే రేపు ఇంకో ఆడది తనని నమ్మి వస్తుంది.

"ఇలా కూర్చో," అంది.

సంచిలోంచి చీటీ తీసింది, దాచిన ఎర్ర అట్ట తీసింది. రెండూ బల్ల మీద పెట్టింది. "నీ వాంతులు పెంచింది నేనే. ఇందులో ఐరన్ ఉంది. వద్దని డాక్టరు రాసింది, నేను చదవలేదు. పైగా పరగడుపున మింగించాను. తెలిశాక చెప్పకుండా మందు మార్చేసి, మీ పొగడ్తలన్నీ తిన్నాను. నిన్ను మహారాణి అని షాపులో అందరినీ నవ్వించాను కూడా. నీ మొగుణ్ణి సెలవు పెట్టొద్దంది కూడా నేనే."

పిల్ల ఎర్ర అట్టని వెనక్కి తిప్పింది. సన్నక్షరాల మీద వేలు పెట్టింది, సరిగ్గా మూడో పేరు మీద.

"ఇది నేను చదివానక్కా."

"ఎప్పుడు?"

"తొమ్మిదో రోజు. బాత్రూము దగ్గర కూర్చుని. కింద రాసిందీ గుర్తుంది, ఇదీ కనిపించింది."

"మరి చెప్పలేదేమే?"

"నువ్వు చూడకుండా ఇస్తావా అనుకున్నాను. నేనే తప్పు చదివానేమో అనుకున్నాను." అట్టని బల్ల మీద పెట్టింది. "ఆ తర్వాత కూడా రెండు రోజులు వేసుకున్నాను."

దినమంతా పిల్లల తప్పులు దిద్దే మనిషి, తన కళ్ళతో చదివినదాన్ని తనే కొట్టేసుకుని ఆ మాత్ర మింగింది. అరడాక్టరమ్మకి ఏడుపు రాలేదు. ఏడిస్తే ఈ పిల్లే లేచి తనని ఓదార్చాల్సి వస్తుంది, ఆ పని కూడా చేయించుకోవడానికి మొహం చెల్లలేదు. "నీ కళ్ళు సరిగ్గానే ఉన్నాయమ్మా," అంది. "నా నోరే బాగాలేదు."

పిల్ల ఫరవాలేదు అనలేదు. అనకపోవడమే న్యాయమని పెద్దామెకి అనిపించింది. "రేపు ఆ టీచర్ని ముందు డాక్టరు దగ్గరికి పంపు," అని మాత్రం అంది. సరేనని తలూపింది పిల్ల.

సాయంత్రం మాత్ర వేసుకునే వేళైంది. అలవాటు ప్రకారం పెద్దామె చిన్న మాత్రల అట్టా గ్లాసుతో నీళ్ళూ తెచ్చి అందించింది. పిల్ల అట్ట తీసుకుంది. నోట్లో వేసుకోలేదు. వెనక్కి తిప్పి, అట్ట మీద పేరు చదివింది, మోతాదు చదివింది, తారీకు చదివింది. బల్ల మీది చీటీ దగ్గరికి లాక్కుని పైనుంచి మొదలుపెట్టింది. బయట వెలుతురు తగ్గుతోంది. అక్షరాలు ఆనక, కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకుంది.

ఇరవై మూడేళ్ళలో ఆవిడ ఇచ్చిన మందుని ఆవిడ ఎదురుగా అలా తిప్పి చూసినవాళ్ళు లేరు. చెవులు వేడెక్కాయి. అయినా ఆవిడ లేచి వెళ్ళి లైటు వేసింది. పిల్ల కింది వరస దాకా చదవడం పూర్తయ్యేవరకూ నీళ్ళగ్లాసు పట్టుకుని పక్కనే నిలబడింది.