ఆకు పేరు, అవ్వ పేరు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, నాకు కామెర్లు వచ్చాయి. పెనుకొండలో మాది కిరాణా అంగడి. డాక్టరు మందు వాడుతున్నా తగ్గలేదని మా అమ్మ నన్ను బత్తలపల్లి దగ్గరి ఒక పల్లెకు, ఆకుమందు ఇచ్చే అవ్వ దగ్గరికి తీసుకుపోయింది. మూడు ఆదివారాలు పరగడుపున తాగాలి. తోడుగా మా చిన్నాయన వచ్చాడు. ఆయన హిందూపురం కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. సంఘసంస్కరణ గురించీ, నాటువైద్యం గురించీ పరిశోధన చేస్తూ సంచిలో ఎప్పుడూ నోటుబుక్కు పెట్టుకుని తిరిగేవాడు. అంటరానితనం మీద ఆయన పాఠం చెబుతుంటే బెల్లు కొట్టినా పిల్లలు లేచేవారు కాదట.

అవ్వది కూలి కుటుంబం. నూరిన ఆకు ముద్దను విస్తరి ముక్కలో పెట్టి, నేల మీద ఉంచి, వెనక్కి జరిగేది. మా అమ్మ దాని మీద చెంబుతో నీళ్లు చల్లి, అప్పుడు తీసుకుని, ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగలో కలిపేది. మందు కావాలి గానీ ఆమె చెయ్యి తగలకూడదు! అంత పాఠం చెప్పే చిన్నాయన చూస్తూ నిలబడ్డాడు. ఆకు పేరేమిటని మాత్రం మొదటి రెండు ఆదివారాలూ అడిగాడు.

"చెప్తే మందు పారదు సామీ" అనేది అవ్వ. రెండోసారి నవ్వి, "ఆకు పేరు ఇన్నిసార్లు అడుగుతాండావే, నా పేరు ఒక్కసారన్నా అడిగినావా?" అంది.

ఆయన ముఖం చిన్నబోయింది. మూడో ఆదివారం అమ్మ చెంబు ఎత్తేలోపే ఆకు ముద్దను అవ్వ చేతిలోంచి తన చేత్తో అందుకున్నాడు. ఆమె గడప దగ్గర కూర్చుని ఆమె పేరు, ఆమెకు మందు నేర్పిన తల్లి పేరు, ఆ తల్లికి నేర్పిన అవ్వ పేరు అడిగి రాసుకున్నాడు.

"మాయమ్మ పేరు ఇంతవరకు ఎవురూ అడగలే" అని అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత నన్ను దగ్గరికి పిలిచి ఆకు పేరు నా చెవిలో చెప్పింది. బస్సులో అమ్మ చిన్నాయనతో మాట్లాడలేదు. నాకు కామెర్లు తగ్గాయి, ఆకు వల్లో డాక్టరు మందు వల్లో తెలియదు.

చిన్నాయన పుస్తకం అచ్చు కాలేదు. ఆయన పోయాక నోటుబుక్కుల పెట్టె తెరిస్తే చెదలు తినగా మట్టి మిగిలింది. నిరుడు ధర్మవరంలో పనిపడి, ఆ అవ్వ పిల్లలనైనా చూద్దామని ఆ పల్లెకు పోయాను. అరుగు మీద కూర్చున్న పెద్దాయనను అడిగాను.

"కామెర్ల మందిచ్చే అవ్వా? ఏ అవ్వ తల్లీ? పేరేంది?" అన్నాడు.

ఎంతసేపు నిలబడినా ఆ పేరు గుర్తుకు రాలేదు. ఆమె నా ఎదుటే చెప్పింది, నేను విన్నాను కూడా. ఆకు పేరు ఈ పూటకీ మరిచిపోలేదు. ఆమె పేరే మరిచిపోయాను.