వస రాయనందుకు కాదు

ఇన్నేళ్లూ నేను ఒక అబద్ధాన్ని ఇంట్లో పెట్టుకుని బతికాను. దాని బరువు మోసింది మాత్రం నా భార్య సుజాత. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. సూరారంలో ఒక్క గది అద్దె ఇల్లు. నాది మందుల కంపెనీలో రాత్రి షిఫ్టు. సుజాత పగలు కుట్టు పనికి వెళ్లేది. పగలంతా పాప అనితను చూసుకోవాల్సింది నేను. చూసుకున్నానా? కేబుల్‌లో బొమ్మల చానల్ పెట్టి, పాపను టీవీ ముందు కూర్చోబెట్టి, గడియ వేసి పడుకునేవాణ్ని. ఏడవడం లేదు కదా, బాగానే ఉందనుకున్నాను. సుజాత వచ్చే వేళకు టీవీ ఆపి, పాపకు మొహం కడిగి పౌడరు రాసి ఉంచేవాణ్ని.

మూడో ఏడు వచ్చినా పాప అమ్మా అనలేదు. ఏదైనా కావాలంటే మా చెయ్యి పట్టుకుని లాగేది. రావల్కోల్ నుంచి వచ్చిన మా అమ్మ కారణం తేల్చేసింది. పసిపిల్లల నాలుకకు వస అరగదీసి రాస్తే మాటలొస్తాయని మావాళ్ల నమ్మకం. ఆసుపత్రిలో వద్దన్నారని సుజాత రాయనివ్వలేదు.

"నర్సమ్మ మాట ఇన్నవ్, నా మాట ఇన్లే. ఇగ సూడు, నోరంత నీకే ఉన్నది, పిల్లకు లేకపాయె" అంది అమ్మ.

సుజాత నావైపు తిరిగింది. "నువ్వన్న చెప్పయ్యా. వస పెట్టకుంటే గిట్లయితదా?"

"పెద్దోళ్లు ఊకెనే అంటరా" అన్నాను.

ఆ మాట ఎందుకన్నాను? భయమా? ఎవరూ నన్ను అడగకముందే నేరం ఇంకొకరి మీద పడిందన్న నిశ్చింత, అంతే.

నేనొక్కణ్నే పాపను తీసుకెళ్లినప్పుడు పిల్లల డాక్టరు, టీవీ ఎంతసేపు చూస్తుందని అడిగితే సాయంత్రం కొంచెం అన్నాను. ఆయన నమ్మినట్టు లేడు. టీవీ చూసినంతసేపూ పాపతో మాట్లాడే మనిషి ఉండడు, నష్టం అక్కడే అన్నాడు. మర్నాడు కేబుల్ వైరు నేనే కోసి, ఎలుకలు కొరికాయని సుజాతకు చెప్పాను. నిద్రకళ్లతోనే పాపతో మాట్లాడడం మొదలుపెట్టాను. ఉల్లిగడ్డలు ఒలుస్తూ, బట్టలు ఆరేస్తూ, అది జవాబివ్వకపోయినా కాసేపు ఆగి, మళ్లీ మాట్లాడుతూ. నెలలు పట్టింది. ఒకరోజు బకెట్ దగ్గర నిలబడి "నీల్లు" అంది. నేను గ్లాసు ముంచి దాని చేతికిచ్చాను.

ఈలోగా అమ్మ వచ్చినప్పుడల్లా వస రాస్తూనే ఉంది. మాటలు తెప్పించిన పేరు వసకే వచ్చింది. నేను కాదనలేదు.

రెండో కాన్పు తర్వాత సుజాత తానే వసకొమ్ము తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. "ఈసారి నా తప్పు ఉండొద్దు అత్తమ్మా" అంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. అప్పుడైనా నోరు విప్పాలి కదా?

అనిత ఇప్పుడు చక్కగా మాట్లాడుతుంది. అంతమాత్రాన నా తప్పు చెరిగిపోదు. ఎవరి పిల్లలకు మాటలు ఆలస్యమైనా, మా పెద్దదానికి నా మూలంగానే అని సుజాత ఇప్పటికీ చెబుతుంది. నేను పక్కన కూర్చుని వింటాను.

ఆమె మూలంగా కాదు. టీవీ పెట్టింది నేను. పడుకున్నది నేను. ఈ ముక్క రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. నాకు మాత్రమే.