అక్షరాలు దాచుకుని పంపిన ఫ్లాపీ

ఒక పెద్దమనిషి నలభై ఏళ్ళ చేతిపనిని ఒక్క ఉదయంలో, అదీ పంతులు గారి సమక్షంలో, కొబ్బరికాయ కొట్టించి మరీ నాశనం చేసిన ఘనుడు ఎవరైనా ఉన్నాడా అని ఫిల్మ్ నగర్‌లో వాకబు చేయండి. పాతవాళ్ళెవరైనా మిగిలి ఉంటే నా ఇంటికి దారి చూపిస్తారు. ఆ కథే చెబుతున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చివరి దాకా నవ్వగలిగితే మీ గుండె గట్టిదే.

ఇప్పటి కుర్రాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోనులో ఒక బొమ్మ మీద వేలు పెడతారు, ప్రోగ్రామంతా దానంతటదే దిగిపోతుంది. దిగేలోపు రెండుసార్లు విసుక్కుంటారు కూడా! ఆ మూటలో ఏ ఫైలు పెట్టాలి, ఏది పెట్టకూడదు అని వెనక ఎవడో తల బద్దలు కొట్టుకున్నాడని వీళ్ళకు తెలుసా? తెలియదు. అడుగుతారా? అడగరు. అడగకపోవడమే మంచిది లెండి. అడిగితే నా సంగతి చెప్పాల్సి వస్తుంది.

నేను కంప్యూటర్లు చదివినవాణ్ణి కాదు. ఆ మాటకొస్తే ఏదీ చదివినవాణ్ణి కాదు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాష్టారితో తగాదా పెట్టుకుని బడి బయటికి వచ్చాక నా చదువంతా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు కొన్న పాత పుస్తకాల్లోనే సాగింది. సగం పుస్తకాలకు మొదటి పేజీలు ఉండేవి కావు. అందుకే నాకు ఏ విద్య అయినా రెండో అధ్యాయం నుంచే వచ్చు.

ఎనభైల్లో నా ఉద్యోగం సినిమా పెట్టెలు కట్టడం. రీళ్ళు డబ్బాల్లో పెట్టి, డబ్బాలు పెట్టెలో సర్ది, పోస్టర్లు వేరే చుట్టగా చుట్టి, జిల్లాల్లోని హాళ్ళకు బస్సుల మీద వేయించేవాణ్ణి. చేరిన రోజే మా మేనేజరు చెవిలో మంత్రం ఊదినట్టు చెప్పాడు.

"ఒరే రావూ, ప్రింటు పోతే నెగిటివ్ నుంచి ఇంకో ప్రింటు వేయించుకుంటాం. నెగిటివ్ పోయిందా, సినిమాయే పోయినట్టు. ప్రింటు ఊళ్ళు తిరుగుతుంది. నెగిటివ్ ల్యాబు గడప దాటదు. తెలిసిందా?"

తెలిసింది. ఎంత బాగా తెలిసిందంటే, పదిహేనేళ్ళ తరువాత దానితోనే ఒకాయన గొంతు కోశాను.

ఆయన వీరాచారి గారు. సినిమా టైటిళ్ళు రాసేవారు. హాల్లో దీపాలు ఆరగానే తెర నిండా సినిమా పేరు ఉరుముకుంటూ వచ్చేది కదా, ఆ అక్షరాలు. మద్రాసులో కుంచె పట్టి, పరిశ్రమ వెనకాలే ఇక్కడికి వచ్చి, బోరబండలో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టారు. ఆయన తలకట్టు పెడితే పెళ్ళికొడుకు తలపాగా సర్దుకుని కూర్చున్నట్టుండేది. తొంభైలు వచ్చేసరికి ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. చూపు కూడా రోజురోజుకీ మసకబారింది. టైటిలు రాయమని గుమ్మం తొక్కినవాడు రెండేళ్ళుగా లేడు.

అప్పటికి నేను పెట్టెల ఉద్యోగం మానేసి, జూబ్లీహిల్స్‌లో ఒక మేడ వెనక గది అద్దెకు తీసుకుని, వాయిదాల మీద కంప్యూటరు కొని, దాని ముందు గుడ్లగూబలా కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆచారి గారి దగ్గర బడాయిగా అన్నాను.

"గురువు గారూ, మీ చేత్తో పని లేకుండా మీ అక్షరాన్ని నిలబెడతాను. ఎవడు టైపు కొట్టినా మీరు రాసినట్టే పడుతుంది."

"నేను లేకపోయినా?"

"మీరు లేకపోయినా."

 ఆయన లేచి, పాత ట్రంకు పెట్టెలోంచి అక్షరాలు రాసిన అట్టలన్నీ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

ఏడాది పట్టింది. శ్రీనగర్ కాలనీలో కంప్యూటర్ సెంటర్ నడిపే జ్యోతి అనే అమ్మాయి దగ్గర ఆ అట్టలన్నీ స్కాన్ చేయించి, ఒక్కొక్క అక్షరాన్నీ చెక్కి, ఫాంటు తయారు చేశాను. ఫాంటంటే ఏమీ లేదు, అక్షరాల ఆకారాలన్నీ దాచి ఉంచిన ఫైలు. మన భాషలో ఎన్ని ఒత్తులున్నాయో ఆ ఏడాదే తెలిసింది. ఆ ఫాంటుతో టైటిళ్ళూ స్క్రిప్టులూ కొట్టుకునే ప్రోగ్రాం కూడా రాశాను. ఒకసారి వచ్చి చూడమని ఆచారి గారిని బతిమాలాను.

"రానయ్యా. నా టైటిలు నేనెప్పుడూ ల్యాబులో చూసుకోలేదు. మొదటి రోజు మొదటి ఆటకి, టిక్కెట్టు కొనుక్కుని, పదిమందిలో కూర్చుని చూస్తాను. ఇదీ అంతే." గొంతు తగ్గించారు. "కాకపోతే కాస్త తొందరగా కానివ్వు రావూ. ఈ ఏడాది దాటితే చూపు ఉండదన్నాడు డాక్టరు."

ఆ పదిమందీ ఫిల్మ్ నగర్‌లోనే దొరికారు. ఒక నిర్మాణ సంస్థ ఆఫీసులో కొత్త సినిమా ముహూర్తం. స్క్రిప్టు మొదటి పేజీ మీద 'శ్రీరస్తు', కింద సినిమా పేరు, ఆచారి గారి అక్షరాల్లో అక్కడికక్కడే వాళ్ళ ఆఫీసు కంప్యూటర్లో కొట్టి, అచ్చు తీసి దేవుడి ముందు పెట్టాలి. నచ్చితే ఇకమీద ఆ సంస్థ టైటిళ్ళన్నీ ఆ అక్షరాలతోనే. ఒప్పించింది ప్రొడక్షన్ మేనేజర్ యాదగిరి. "జర మంచిగ జేయుండ్రి సార్, మా ప్రొడ్యూసర్‌కు సెంటిమెంట్ ఎక్కువ" అని ముందే హెచ్చరించాడు.

ఇక మూట కట్టాలి. ఒకే ఒక్క ఫ్లాపీలో, అంటే అప్పట్లో ఫైళ్ళు మోసుకెళ్ళే ఆ చదరపు బిళ్ళలో, పట్టాలి. రెండు ఫ్లాపీలైతే ఒకటి ఎక్కడైనా పడిపోతుందని నా భయం. రీళ్ళు మారిపోయి విశ్రాంతి తరువాతి కథ ముందే ఆడిన హాళ్ళను చూసినవాణ్ణి. ప్రోగ్రాం పెట్టాను. తెర తెరుచుకోగానే మోగడానికి సన్నాయి పెట్టాను. గిరగిరా తిరిగే తామరపువ్వు పెట్టాను. శాలువా కప్పుకున్న నా ఫొటో పెట్టాను. ముహూర్తాలు చూసే చిన్న ప్రోగ్రాం కూడా, అడగకపోయినా, పెట్టాను. ఇక మిగిలింది ఫాంటు ఫైలు.

దాని మీద చెయ్యి వేశాను. వెంటనే తీసేశాను. ఏడాది కష్టం! ఆచారి గారి జీవితం! అసలు ముక్క ఇదే కదా, దీన్నెలా బయటికి పంపుతాను? తెర మీద పడేవి ప్రింట్లు, ఇది నెగిటివ్. ప్రింటుకి తోడుగా నెగిటివ్ ఊరేగుతుందా? ఫాంటును నా మిషన్లోనే భద్రంగా ఉంచి, మిగతాదంతా ఫ్లాపీలోకి ఎక్కించి, దాని మీద పసుపు రాశాను. నా మిషన్లో ఆ ఫ్లాపీ పెట్టి చూస్తే అక్షరాలు దివ్యంగా వచ్చాయి. రాక ఏం చేస్తాయి, ఫాంటు అక్కడే పడి ఉంటే! ఆ సంగతి తట్టడానికి మొదటి అధ్యాయం చదివి ఉండాలి.

ముహూర్తానికి ముందురోజు మధ్యాహ్నం జ్యోతి అడిగింది. "బాబాయ్ గారూ, ఒకసారి మా సెంటర్లో వేసి చూద్దాం. రెండు నిమిషాల పని."

"ఎందుకు? నా మిషన్లో ఆడిందిగా."

"మీ మిషన్లో ఆడటం లెక్కలోకి రాదండీ. ముక్కూ ముఖం తెలియని మిషన్లో ఆడాలి. పోనీ, ఏమేం ఫైళ్ళు పెట్టారో చెప్పండి."

"అమ్మాయ్, నువ్వు పుట్టక ముందు నుంచి పెట్టెలు కడుతున్నాను. ఒక్క హాలువాడు కూడా 'రీలు తక్కువైంది రావు గారూ' అనలేదు."

అబద్ధం. ఆమె ఇరవై ఐదేళ్ళది. నేను పెట్టెలు కట్టింది పదేళ్ళు.

మర్నాడు ఉదయం ఆఫీసు నిండా జనం. ఆచారి గారు తెల్లటి పంచె, ఉతికించిన లాల్చీ, మందపాటి కళ్ళజోడుతో వచ్చారు. ఆయన కోసం మిషన్ ముందే కుర్చీ వేయించాను. కొబ్బరికాయ కొట్టారు. ఫ్లాపీ పెట్టాను. సన్నాయి మోగింది. తామరపువ్వు తిరిగింది. శాలువాతో నేను ప్రత్యక్షమయ్యాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను. బుద్ధి ఉన్నవాడైతే అక్కడితో కరెంటు తీసేసి ఇంటికి పోయేవాడు.

'శ్రీరస్తు' కొట్టాను.

తెర మీద ఒక డాలరు గుర్తు పడింది. దాని పక్కన తలకిందులైన ప్రశ్నార్థకం. ఒక ఇంగ్లీషు ఎల్. రెండు కామాలు.

"ఏంది సార్ గిది?" అన్నాడు యాదగిరి. "డాలర్ గుర్తొచ్చింది. మిషన్ ఇనామ్ అడుగుతున్నదా?"

"ఇప్పుడే వస్తుంది, ఉండవయ్యా." మళ్ళీ కొట్టాను. ఇంకో డాలరు.

"అచ్చు తీయుండ్రి, కాయితం మీద మంచిగొస్తదేమో."

తీశాను. కాగితం మీద ఇంకా స్పష్టంగా వచ్చింది. పంతులు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికి కుంకుమ ఏ వైపు పెట్టాలండీ?" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రొడ్యూసరు గారు నవ్వలేదు. వాచీ చూసుకున్నారు.

"మీ కంప్యూటర్లోనే ఏదో దోషం ఉంది" అన్నాను.

"గంతేనా? నిన్నటిదాంక మంచిగనే ఉండె. మీరొచ్చినంకనే పట్టిందా దోషం?"

ఈ గొడవలో ఆచారి గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగారు. ఎడమ నుంచి కుడికి, మెల్లగా, ఒక్కొక్కటీ చూశారు.

"రావూ, ఒక్కదానికీ తలకట్టు లేదేంటయ్యా?"

గదిలో అందరి కళ్ళూ నా మీద. తప్పు నాదని చెప్పడానికి నాకు ఒక్క క్షణం పట్టేది. ఆ క్షణంలో నా నోటి నుంచి ఏం వచ్చిందో ముప్ఫై ఏళ్ళుగా వింటూనే ఉన్నాను.

"మీ కళ్ళజోడు మార్చాలేమో గురువు గారూ."

ఆయన కళ్ళజోడు తీశారు. లాల్చీ అంచుతో తుడిచారు. పెట్టుకుని మళ్ళీ చూశారు.

"అవునేమోనయ్యా" అన్నారు.

ముహూర్తం దాటిపోతోంది. యాదగిరి తెల్లకాగితం, ఎర్ర పెన్నూ తెచ్చి, "పెద్దాయనా, మీరే రాయుండ్రి" అని ఆయన ముందు పెట్టాడు. ఆచారి గారు పెన్ను అందుకున్నారు. చెయ్యి కాగితం మీద ఆకులా వణికింది. ఒక చుక్క పడింది. పెన్ను పక్కన పెట్టేశారు. చివరికి యాదగిరే తన వంకర దస్తూరీతో 'శ్రీ' రాసి పూజ కానిచ్చాడు. నేను ఫ్లాపీ జేబులో వేసుకుని, ఆచారి గారిని ఆటో ఎక్కించి, ఆయన ముఖం చూడకుండా వచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే జ్యోతి తన మిషన్లో ఫ్లాపీ పెట్టి చూసింది.

"సన్నాయి ఉంది. పువ్వుంది. మీరున్నారు. ఫాంటేది బాబాయ్ గారూ?"

"నెగిటివ్ ఎవరైనా పంపుతారా?"

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మీ ప్రోగ్రాం అక్షరాలు గీయదండీ. మిషన్లో ఉన్న ఫాంటును పిలుస్తుంది. మీ ఇంట్లో ఉంది కాబట్టి పలికింది. వాళ్ళింట్లో లేదు. ఎవరు పలుకుతారు?"

నా ఫొటో ఒక్కటి తీసేస్తే ఫాంటు ఆ ఫ్లాపీలోనే పట్టేసింది. మర్నాడే యాదగిరి దగ్గరికి తీసుకెళ్ళాను. అక్షరాలు తలపాగాలు చుట్టుకుని వరసగా వచ్చి కూర్చున్నాయి. యాదగిరి అచ్చు తీసిన కాగితాన్ని చేత్తో పట్టుకుని, "అరె, గిది నిన్న ఏడవోయింది సార్?" అన్నాడు. కానీ ప్రొడ్యూసరు గారు అప్పటికే అపశకునమని ఇంకొకరికి పని అప్పగించేశారు.

ఆ కాగితం తీసుకుని నేను నేరుగా బోరబండ వెళ్ళాలి కదా? వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? ఈ వారం కాదు, వచ్చే వారం అనుకుంటూ రెండు నెలలు గడిపాను. సన్నాయిలూ తామరపువ్వులూ పెట్టడానికి దొరికిన తీరిక, నా తప్పు ఒప్పుకోవడానికి దొరకలేదు.

వెళ్ళేసరికి ఆయన మంచం మీద కూర్చుని, అడుగుల చప్పుడు వచ్చిన వైపు కాక గోడ వైపు చూస్తూ, "ఎవరూ?" అన్నారు.

"నేనండీ, రావుని."

"రావయ్యా. ఆ రోజు నువ్వన్నది నిజమే. కళ్ళజోడు మార్చినా లాభం లేకపోయింది."

 నేల మీద కూర్చుని అంతా చెప్పాను. నెగిటివ్ సంగతి, ఫొటో సంగతి, అన్నీ. 

"అయితే ఆ రోజు తెర మీద తలకట్టు నిజంగానే లేదా?"

"లేదండీ. మీరు చూసిందే నిజం."

ఆయన తిడతారని తల వంచుకున్నాను. ఆయన పకపకా నవ్వారు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వారు. "అదీ! నలభై ఏళ్ళు అక్షరాన్ని చూసిన కన్నయ్యా ఇది! ఎలా మోసపోతుందని రెండు నెలలుగా కొట్టుకుంటున్నాను. ఏదీ, ఇప్పుడు వచ్చిందన్నావే, ఇటివ్వు."

కాగితం ఇచ్చాను. ఒళ్ళో పరుచుకున్నారు. చూపుడు వేలితో ఎడమ నుంచి కుడికి, నెమ్మదిగా తడిమారు. రంగుతో రాసిన అక్షరమైతే వేలికి ఎత్తు తగిలేది. అచ్చు కాగితం, నున్నగా ఉంది.

"బాగుందయ్యా" అన్నారు. "దీర్ఘం ఒక్కటి కొంచెం సాగింది. సరిచేసుకో."

"అలాగేనండీ" అన్నాను.

కాగితం ఆయన ఒళ్ళో బోర్లా ఉంది. ఆయన తడిమింది తెల్లటి వైపు. నేను తిప్పి పెట్టలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, నా కంప్యూటరు మీద చెయ్యి వేసి, ఇంటిల్లిపాదీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ ఫ్లాపీలోనూ అక్షరాలు లేకుండా నా ఫొటో పెట్టను. ముక్కూ ముఖం తెలియని మిషన్లో ఆడించకుండా ఏ మూటా గడప దాటించను. నా తప్పును ఎదుటివాడి కళ్ళ మీదికి నెట్టను. ఫ్లాపీలు లోకంలో లేకుండా పోయాయి కాబట్టి మొదటి రెండూ చక్కగా నిలబెట్టుకుంటున్నాను. మూడోది కష్టంగా ఉంది, ప్రయత్నిస్తున్నాను.